రెండోసారి పట్టుబడితే: ట్రాఫిక్ చలానా నుంచి లైసెన్సు రద్దు దాకా ఏం జరుగుతుంది, మీరేం చేయాలి

చలానా అనగానే మనకు గుర్తొచ్చేది డబ్బే. ఫోన్‌కు మెసేజ్ వస్తుంది, ఎంత పడిందో చూస్తాం, తర్వాత కడదాంలే అని పక్కన పెట్టేస్తాం. తెలంగాణలో 2022లో ఒకసారి, 2023 డిసెంబరు చివర్లో మరోసారి పెండింగ్ చలానాల మీద భారీ రాయితీ ఇచ్చారు. దాంతో మళ్లీ ఆఫర్ వచ్చినప్పుడు ఒకేసారి తీర్చేద్దాం అనుకునేవాళ్లు ఇంకా పెరిగారు.

మోటారు వాహనాల చట్టాన్ని 2019లో సవరించాక డబ్బు అనేది ఈ వ్యవహారంలో చిన్న భాగమే. మొదటిసారి జరిమానాతో వదిలేసిన తప్పుకే రెండోసారి లైసెన్సు పోవచ్చు. కొన్నింటికి రెండేళ్ల జైలు దాకా ఉంది. రాయితీ ఇచ్చేది జరిమానా మీద మాత్రమే. మీరు ఆ తప్పు చేశారన్న రికార్డు మీద ఎవరూ రాయితీ ఇవ్వరు.

డెలివరీ చేసే కుర్రాళ్లు, ఆటో, క్యాబ్, లారీ డ్రైవర్లు ఈ సంగతి తప్పకుండా తెలుసుకోవాలి. మూడు నెలలు లైసెన్సు చేతిలో లేకపోతే వాళ్లకు ఆగిపోయేది ప్రయాణం కాదు, ఇంటి ఖర్చు. అందుకే ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ కాగితంలో ఏం చూడాలి, ఎవరి దగ్గరికి వెళ్లాలి అన్నది ఒక వరుసలో రాస్తున్నాను.

మొదటి మెట్టు: మీ లెక్క ఎంతుందో చూసుకోండి

చలానాలు రెండు దారుల్లో పడతాయి. కెమెరా తీసిన ఫొటోతో వచ్చేవి బండి నంబరు మీద, అంటే ఆర్సీలో పేరున్న యజమాని ఖాతాలో పడతాయి. రోడ్డు మీద ఆపి, లైసెన్సు తీసుకుని రాసేవి లైసెన్సు నంబరుకూ ముడిపడతాయి. చాలామంది బండి నంబరు ఒక్కటే కొట్టి చూసి, ఏమీ లేవని ఊపిరి పీల్చుకుంటారు. అద్దె బండి, ఆఫీసు బండి, బావమరిది బండి నడిపినప్పుడు పడ్డవి అక్కడ కనిపించవు.

కేంద్ర రవాణా శాఖ పరివాహన్ ఇ-చలాన్ పోర్టల్‌లో బండి నంబరుతోనూ, లైసెన్సు నంబరుతోనూ, చలానా నంబరుతోనూ వెతకొచ్చు. మూడూ వాడండి. తెలంగాణలో తిరిగే బండి అయితే రాష్ట్ర పోలీసుల ఇ-చలాన్ సైటు కూడా విడిగా చూడండి. పక్క రాష్ట్రానికి పెళ్లికో, తీర్థానికో వెళ్లొచ్చి ఉంటే ఆ రాష్ట్రం చలానాలు ఏమైనా పడ్డాయేమో పరివాహన్‌లో చూసుకోవాలి. ఆర్సీకి పాత ఫోన్ నంబరు ఉంటే మెసేజ్‌లు ఎవరికో వెళ్తుంటాయి. ముందు ఆ నంబరు మార్పించుకోండి, మిగతా పనులన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి.

ఇక్కడే ఒక హెచ్చరిక. వాట్సాప్‌లో 'మీ వాహనానికి చలానా ఉంది, ఈ ఫైలు డౌన్‌లోడ్ చేసుకోండి' అంటూ ఏపీకే ఫైలు, అంటే ఫోన్‌లో యాప్‌ను ఎక్కించే ఫైలు, వస్తే దాన్ని ముట్టుకోవద్దు. అది ఫోన్‌లోకి దిగితే ఓటీపీలు చదివి బ్యాంకు ఖాతా ఖాళీ చేస్తుంది. చలానా కట్టడానికి ఏ ప్రభుత్వ శాఖా ఏపీకే ఫైలు పంపదు. మెసేజ్‌లో వచ్చిన లింకు నొక్కే బదులు, సైటు పేరు మీరే టైప్ చేసి వెళ్లండి. అడ్రసు చివర గవ్ డాట్ ఇన్ అని ఉందో లేదో చూడండి. పొరపాటున డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

రెండో మెట్టు: చలానాను తెరిచి చదవండి

మొత్తం ఎంత అని మాత్రమే చూసి మూసేయకండి. చలానాలో నాలుగు విషయాలు ముఖ్యం. తేదీ, సమయం ఒకటి. చోటు రెండోది. ఫొటో మూడోది. నాలుగోది, ఎవరూ చూడనిది, సెక్షన్ నంబరు.

ఫొటోను పెద్దది చేసి చూడండి. నంబరు ప్లేటు మీద ఉన్నది మీ నంబరేనా? మూడును ఎనిమిదిగా చదివిన చలానాలు తక్కువేం కాదు. నంబరు మీదే అయినా బండి మీదేనా? మీది నల్ల రంగు బైకైతే ఫొటోలో ఎర్ర స్కూటర్ కనిపించవచ్చు. అలా ఉంటే ఎవరో మీ నంబరు తగిలించుకుని తిరుగుతున్నారన్నమాట. అది చలానా సమస్య కాదు. రేపు ఆ బండి ప్రమాదం చేసినా, దొంగతనానికి వాడినా పోలీసులు మీ ఇంటికి వస్తారు. వెంటనే స్టేషన్‌లో లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. అద్దం పక్కన ఉన్న స్టిక్కర్, సొట్ట పడిన బంపర్, బ్యాగు పెట్టుకునే స్టాండు లాంటి చిన్న గుర్తులు మీ బండికీ ఫొటోలో ఉన్నదానికీ తేడా చూపించడానికి బాగా పనికొస్తాయి.

కెమెరాలతో వేసే చలానాలకు 2021 ఆగస్టులో కేంద్రం 167ఏ అనే నిబంధన తెచ్చింది. తప్పు ఏమిటో, నంబరు ప్లేటు ఏమిటో స్పష్టంగా కనిపించే ఫొటో ఉండాలి. స్పీడు చలానా అయితే పరికరం కొలిచిన వేగం రాయాలి. ఏ నిబంధన ఉల్లంఘించారో రాయాలి. తప్పు జరిగిన 15 రోజుల్లో నోటీసు పంపాలి. కెమెరా ఉన్న చోట ఆ విషయం తెలిపే బోర్డు ఉండాలి. పరికరానికి ఆమోద సర్టిఫికెట్ ఉండాలి, దాన్ని ఏటా రెన్యువల్ చేయించాలి. మీ చలానాలో వీటిలో ఏదైనా లోపిస్తే అభ్యంతరం చెప్పడానికి అది మీకు ఆధారం.

ఇక సెక్షన్. సిగ్నల్ జంప్ ఉదాహరణ తీసుకుందాం. అదే పనికి 119 సెక్షన్‌ను 177తో కలిపి చలానా రాయొచ్చు, 184 కిందా రాయొచ్చు. 177 అంటే సాధారణ ఉల్లంఘన, జరిమానాతో తేలిపోతుంది. 184 అంటే ప్రమాదకరంగా నడపడం, అందులో జైలు ఉంది, లైసెన్సు మీద చర్యా ఉంది. రోడ్డు మీద మీరు చేసింది ఒక్కటే. కాగితం మీద ఉన్న మూడంకెలను బట్టి తర్వాతి కథంతా మారిపోతుంది. కాబట్టి ఒక పేపరు తీసుకుని తేదీ, సెక్షన్, కట్టారా లేదా అని మూడు గళ్లు గీసి రాసుకోండి. ఒకే సెక్షన్ రెండుసార్లు కనిపిస్తే దాని చుట్టూ గీత గీయండి.

మూడో మెట్టు: మొదటిసారికీ రెండోసారికీ తేడా

కింద చెప్పే అంకెలు కేంద్ర చట్టంలో ఉన్నవి, 2019 సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉన్నవి. అయితే 200 సెక్షన్ ప్రకారం కోర్టుకు వెళ్లకుండా అక్కడికక్కడే తేల్చుకునే తప్పులకు ఎంత వసూలు చేయాలో రాష్ట్రాలు నిర్ణయించుకోవచ్చు. అందుకే ఒకే తప్పుకు రాష్ట్రానికో రేటు ఉంటుంది. హెల్మెట్ లేకపోతే తెలంగాణ ఇ-చలానాల్లో ఏళ్ల తరబడి 200 రూపాయలకు 35 యూజర్ చార్జీ కలిపి 235 పడేది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 మార్చి నుంచి 1,000 రూపాయలు వేస్తున్నారు. విజయవాడ నుంచి హైదరాబాద్ వచ్చేసరికి తప్పు మారలేదు, రేటు మారింది. లైసెన్సు మీద తీసుకునే చర్య మాత్రం కేంద్ర చట్టంలోనిదే. అది ఎక్కడైనా ఒకటే.

సాధారణ ఉల్లంఘనలతో మొదలుపెడితే, 177 కింద మొదటిసారి 500, తర్వాత ప్రతిసారీ 1,500. ఇన్సూరెన్స్ లేకుండా నడిపితే మొదటిసారి 2,000, మళ్లీ దొరికితే 4,000. రెండు సందర్భాల్లోనూ మూడు నెలల దాకా జైలు వేసే వీలుంది. నిశ్శబ్ద ప్రాంతంలో హారన్ కొట్టడం లాంటి వాటికి 1,000, ఆ తర్వాత 2,000. ఇవి జేబుకు తగిలే దెబ్బలే.

అసలు దెబ్బ వేగంతో మొదలవుతుంది. తేలికపాటి వాహనమైతే 1,000 నుంచి 2,000, లారీ, బస్సు లాంటి పెద్ద వాహనమైతే 2,000 నుంచి 4,000 జరిమానా. ఇది మొదటిసారి. రెండోసారి 183 సెక్షన్ ప్రకారం లైసెన్సు స్వాధీనం చేసుకోవాలి. టైముకు చేరకపోతే జీతం కోస్తానని డ్రైవర్‌ను తరిమే యజమానికి కూడా ఈ సెక్షన్ వర్తిస్తుంది. తన కింద పనిచేసేవాడితో పరిమితి దాటి నడిపించినవాళ్లనూ ఇందులో చేర్చారు. డ్రైవర్లకు ఈ మాట ఎవరూ చెప్పరు కాబట్టి ఇక్కడ చెబుతున్నాను.

184 ఇంకా గట్టిది. రెడ్ సిగ్నల్ దాటడం, రాంగ్ రూట్‌లో రావడం, ఫోన్ చేత్తో పట్టుకుని మాట్లాడటం, నిబంధనలకు విరుద్ధంగా ఓవర్‌టేక్ చేయడం అన్నీ ఇందులోకే వస్తాయి. మొదటిసారి 1,000 నుంచి 5,000 దాకా జరిమానా, లేదా ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా రెండూ. మూడేళ్లలోపు మళ్లీ చేస్తే 10,000 జరిమానా, లేదా రెండేళ్ల దాకా జైలు, లేదా రెండూ. ఆ 'మూడేళ్లు' అన్న మాట గుర్తుపెట్టుకోండి. నిరుడు కట్టేసి మర్చిపోయిన చలానా ఈ ఏడాది మళ్లీ ముందుకొచ్చేది దీనివల్లే. యూటర్న్ దూరమని వంద గజాలు రాంగ్ రూట్‌లో వెళ్లేవాళ్లు మనకు రోజూ కనిపిస్తారు. అది ఏ సెక్షన్‌లోకి వస్తుందో వాళ్లకు తెలిస్తే సగం మంది మానేస్తారని నా నమ్మకం.

రోడ్డు మీద రేసులు పెట్టుకుంటే మొదటిసారి 5,000, మళ్లీ దొరికితే 10,000 దాకా వెళ్తుంది. జైలు మూడు నెలల నుంచి ఏడాదికి పెరుగుతుంది. ప్రమాదం చేసి ఆగకుండా, గాయపడినవాళ్లకు సాయం చేయకుండా వెళ్లిపోతే 187 కింద మొదటిసారి 5,000 లేదా ఆరు నెలలు, రెండోసారి 10,000 లేదా ఏడాది.

హెల్మెట్, ట్రిపుల్ రైడింగ్ చిన్న తప్పులని అందరూ అనుకుంటారు. చట్టంలో అవి చిన్నవి కావు. ఈ రెండింటికీ 1,000 రూపాయల జరిమానాతో పాటు మూడు నెలలు లైసెన్సుకు అనర్హత అని మొదటిసారికే రాసి ఉంది. చాలాచోట్ల అధికారులు అంత దూరం వెళ్లకపోవడంతో అది లేనట్టే అనిపిస్తుంది. స్పెషల్ డ్రైవ్ పెట్టిన రోజు ఆ నిబంధనే బయటికి తీస్తారు. అంబులెన్స్‌కు దారి ఇవ్వకపోతే 10,000 లేదా ఆరు నెలల జైలు. అది కూడా లైసెన్సు మీదికి వచ్చే తప్పే.

ఇంకో నిబంధన ఉంది. చట్టాన్ని అమలు చేయాల్సిన అధికారే తప్పు చేస్తే 210బీ కింద శిక్ష రెట్టింపు. ఇలాంటి నిబంధన ఉండాల్సిందే.

నాలుగో మెట్టు: లైసెన్సు ఎలా పోతుందో తెలుసుకోండి

అంతా ఈ భాగం మీదే ఆధారపడి ఉంది కాబట్టి నిదానంగా చదవండి.

అతివేగం, ప్రమాదకర డ్రైవింగ్, తాగి నడపడం, రేసులు, కాలుష్య నిబంధనల ఉల్లంఘన, ట్రిపుల్ రైడింగ్, హెల్మెట్, అంబులెన్స్‌కు దారి ఇవ్వకపోవడం. ఈ తప్పుల్లో ఏదైనా చేశారని నమ్మితే 206 సెక్షన్‌లోని నాలుగో ఉపవిభాగం ప్రకారం పోలీసు అధికారి లైసెన్సు స్వాధీనం చేసుకుని లైసెన్సింగ్ అధికారికి, అంటే మీ ఆర్టీఏ ఆఫీసుకు పంపాలి. అప్పుడు మీకొక తాత్కాలిక రసీదు ఇస్తారు. ఆ రసీదు జేబులో ఉంది కదా అని బండి తీస్తే ఇంకో కేసు మెడకు చుట్టుకుంటుంది. మామూలు తనిఖీలో లైసెన్సు తీసుకుని ఇచ్చే రసీదుతో కొన్నాళ్లు నడపొచ్చు. 206(4) కింద ఇచ్చే రసీదుతో మాత్రం లైసెన్సు తిరిగి వచ్చేదాకా నడపకూడదని చట్టంలోనే రాసి ఉంది. రెండు కాగితాలూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. తీసుకునేటప్పుడే ఇది ఏ సెక్షన్ కింద ఇస్తున్నారని అడగండి, కాగితం మీద రాయించుకోండి.

ఆ తర్వాత ఆర్టీఏ నుంచి నోటీసు వస్తుంది. మీ మాట వినకుండా లైసెన్సు మీద చర్య తీసుకునే అధికారం వాళ్లకు లేదు. 19 సెక్షన్ ప్రకారం మీకు చెప్పుకునే అవకాశం ఇవ్వాలి, ఎందుకు చర్య తీసుకుంటున్నారో వివరంగా రాతపూర్వకంగా చెప్పాలి. విన్న తర్వాత మిమ్మల్ని వదిలేయొచ్చు కూడా. చర్య తీసుకుంటే మాత్రం మొదటి తప్పుకు మూడు నెలల అనర్హత. రెండోసారి, ఆ తర్వాత ఎప్పుడైనా ఏకంగా లైసెన్సు రద్దు. రద్దయినవాళ్ల పేర్లు బహిరంగంగా ప్రకటించే వీలు కూడా ఈ సెక్షన్‌లో ఉంది.

నోటీసు వచ్చినప్పుడు చాలామంది చేసే పని అసలు వెళ్లకపోవడం. భయమో, పని పోతుందన్న టెన్షనో, ఏదో ఒకటి. వెళ్లకపోతే మీ వైపు మాట ఎవరూ చెప్పరు, అధికారి తన ముందున్న కాగితాన్ని చూసి నిర్ణయం తీసుకుంటారు. వెళ్లేటప్పుడు నోటీసు, చలానా ప్రింటు, కట్టిన రసీదులు, ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ ఒక ఫైలులో పెట్టుకోండి. ఒక పేజీకి మించకుండా తెలుగులోనే జవాబు రాసుకెళ్లండి: ఆ రోజు ఏం జరిగింది, మీ పేరు మీద ఇంతకుముందు ఇలాంటి తప్పు ఉందా లేదా, డ్రైవింగ్ మీ ఉపాధా కాదా. ఉపాధి అయితే యజమాని దగ్గర నుంచో, యాప్ కంపెనీ ఐడీతోనో ఆధారం జత చేయండి. ఇచ్చిన కాగితం మీద ముద్ర వేయించుకుని ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. తీర్పు మీకు వ్యతిరేకంగా వస్తే ఉత్తర్వు అందిన 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. ఆ 30 రోజులు దాటనివ్వకండి.

చలానా కట్టేశాం కదా, ఇక ఏముంటుంది అని ఒక పెద్ద అపోహ ఉంది. 200 సెక్షన్ కింద డబ్బు కట్టి రాజీ చేసుకున్నా, 206(4) కింద లైసెన్సు మీద తీసుకునే చర్య నుంచీ, శిక్షణ కోర్సు పూర్తి చేయాల్సిన బాధ్యత నుంచీ, వర్తించే చోట సమాజ సేవ నుంచీ తప్పించుకోలేరని 2019 సవరణలో ప్రత్యేకంగా చేర్చారు. చలానాకు రసీదు వచ్చినా లైసెన్సు నోటీసు తర్వాత రావడం అందుకే.

సుప్రీంకోర్టు వేసిన రోడ్డు భద్రతా కమిటీ 2015లోనే అతివేగం, రెడ్ సిగ్నల్ దాటడం, ఓవర్‌లోడ్, సరుకు వాహనాల్లో మనుషుల్ని ఎక్కించడం, తాగి నడపడం, నడుపుతూ ఫోన్ మాట్లాడటం, ఈ ఆరింటికీ కనీసం మూడు నెలలు లైసెన్సు సస్పెండ్ చేయమని రాష్ట్రాలను ఆదేశించింది. తెలంగాణ 2017 ఆగస్టులో పాయింట్ల పద్ధతి కూడా తెచ్చింది. 24 నెలల్లో 12 పాయింట్లు చేరితే ఏడాది సస్పెన్షన్ అన్నది దాని సారాంశం. పద్ధతి ఏదైనా అన్నీ తప్పు మళ్లీ చేసేవాళ్లను వెతికి పట్టుకోవడానికే.

ఐదో మెట్టు: కట్టాలా, కొట్లాడాలా

తప్పు మీదే అయితే, ఫొటో స్పష్టంగా ఉంటే కట్టేయండి. గడువు చలానా మీదే ఉంటుంది. రాయితీ కోసం ఆగితే కేసు కోర్టుకు వెళ్లొచ్చు. బండి అమ్మాలన్నా, ఎన్ఓసీ తీసుకోవాలన్నా అప్పుడు అడ్డం పడుతుంది. తనిఖీలో పెండింగ్ చలానాలు కనిపించి పోలీసులు నడిరోడ్డు మీద ఆపేసిన సందర్భాలూ ఉన్నాయి. ఆ సమయంలో ఇంటర్వ్యూకో, ఆసుపత్రికో వెళ్తుంటే ఆ ఇబ్బంది మాటల్లో చెప్పలేం.

తప్పు మీది కాకపోతే కట్టొద్దు. డబ్బు తక్కువే కదా అని కట్టేస్తే మీ మీద ఒక తప్పు నమోదైనట్టే. తర్వాత నిజంగానే ఎప్పుడైనా పొరపాటు జరిగితే అది రెండోది అవుతుంది. ముందు చలానా సైటులోనే ఫిర్యాదు విభాగంలో ఫొటోలు పెట్టి అభ్యంతరం నమోదు చేయండి. ఫిర్యాదు నంబరు రాసుకోండి. ఆ సమయానికి మీరు వేరే చోట ఉన్నట్టు చూపించే ఫాస్టాగ్ కోత, ఆఫీసు హాజరు, సర్వీసింగ్ సెంటర్ బిల్లు, ఏదైనా సరే దానికి జత చేయండి. బండి షెడ్డులో ఉన్న రోజున ఊరవతల సిగ్నల్ జంప్ చేసిందని చలానా వస్తే ఆ బిల్లు ఒక్కటే చాలా వరకు పని చేసిపెడుతుంది.

వర్చువల్ కోర్టు, అంటే ఆన్‌లైన్‌లోనే చలానా కేసులు చూసే కోర్టు, ఉన్న రాష్ట్రాల్లో చలానా అక్కడికి చేరాక సైటులో రెండు దారులు కనిపిస్తాయి. జరిమానా కట్టడం ఒకటి. కేసును సవాలు చేయడం రెండోది. మొదటిది ఎంచుకుంటే తప్పు ఒప్పుకున్నట్టే. రెండోది ఎంచుకుంటే కేసు మామూలు కోర్టుకు మారుతుంది, వాయిదాకు హాజరు కావాలి. పాత చలానాలు కుప్పగా ఉన్నవాళ్లకు జాతీయ లోక్ అదాలత్ మంచి అవకాశం. రాజీకి వీలున్న కేసులు అక్కడ ఒకేరోజు తేలిపోతాయి. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో తేదీలు చెబుతారు.

నంబరు ప్లేటు వంచడం, అంకె మీద టేపు వేయడం, మాస్కు తగిలించడం లాంటి పనులు మాత్రం వద్దు. కెమెరాను తప్పించుకోవడానికి చేసే ఆ పనులకు హైదరాబాద్‌లో చీటింగ్ కేసులు కూడా పెట్టారు. కొన్ని వందల జరిమానా తప్పించుకోబోయి క్రిమినల్ కేసు తెచ్చుకున్నట్టవుతుంది.

తాగి నడిపితే దారి వేరు

దీన్ని మిగతా వాటితో కలపడం కుదరదు. డబ్బు కట్టి రాజీ చేసుకునే తప్పుల జాబితాలో 185 సెక్షన్ లేదు. కోర్టుకు వెళ్లాల్సిందే. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే కేసు. మొదటిసారి 10,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. రెండోసారి 15,000, లేదా రెండేళ్ల దాకా జైలు, లేదా రెండూ. దాంతో పాటు 22 సెక్షన్ ప్రకారం, 185 కింద ఒకసారి శిక్ష పడినవాడికి మళ్లీ అదే శిక్ష పడితే కోర్టు లైసెన్సు రద్దు చేసి తీరాలి. అక్కడ జడ్జికి వేరే దారి లేదు.

ఆపినప్పుడు బ్రీత్ అనలైజర్‌లో ఊదనని మొండికేయడం వల్ల లాభం లేదు. తాగినట్టు అనుమానించే కారణం ఉంటే ఊదడానికి నిరాకరించినవాళ్లను వారెంట్ లేకుండా అరెస్టు చేయొచ్చు. నిరాకరణ కూడా మీకు వ్యతిరేకంగానే లెక్కలోకి వస్తుంది. మీ హక్కు కూడా తెలుసుకోండి. 185 కింద అరెస్టు చేస్తే రెండు గంటల్లోపు వైద్య పరీక్ష చేయించాలి. చేయించకపోతే వదిలేయాలి. యంత్రం చూపించిన అంకెను మీరే చూడండి, ప్రింటు స్లిప్ మీద సమయం, మీ పేరు సరిగ్గా ఉన్నాయో లేదో చూశాకే సంతకం పెట్టండి.

హైదరాబాద్‌లో ఇలా దొరికినవాళ్లను గోషామహల్, బేగంపేటల్లోని ట్రాఫిక్ శిక్షణ కేంద్రాలకు పిలిచి, కుటుంబ సభ్యుల ముందే కౌన్సెలింగ్ ఇచ్చి, ఆ తర్వాత కోర్టులో హాజరుపరిచే పద్ధతి చాలాకాలంగా ఉంది. భార్యనో, తండ్రినో పక్కన కూర్చోబెట్టి ప్రమాదాల వీడియోలు చూపిస్తారు. అవమానంగా అనిపిస్తుందని ఎగ్గొట్టొద్దు. కోర్టు తేదీకి వెళ్లకపోతే వారెంట్ దాకా వస్తుంది.

ప్రాణం పోతే ఇవేవీ లెక్కలోకి రావు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106 సెక్షన్ కింద నిర్లక్ష్యంతో ప్రాణం తీస్తే అయిదేళ్ల దాకా జైలు.

బండి మీది, నడిపింది వేరొకరు

అమ్మేసిన బండితో ఎంతోమంది ఇబ్బంది పడుతున్నారు. కొనుక్కున్నవాడు పేరు మార్పించుకోడు. చలానాలు పాత యజమానికి వస్తుంటాయి. రిజిస్ట్రేషన్‌లో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వాళ్లే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. ప్రమాదం జరిగితే పరిహారం భారం కూడా మీ మీదే పడొచ్చు. అమ్మిన రోజునే ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు అయిపోవాలి. అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లో అమ్మినవాళ్లు ఆర్టీఏకు తెలియజేయాలి. కొన్నవాడు మార్పించుకుంటానన్నాడని ఊరుకోకండి, ఆన్‌లైన్‌లో పేరు మారేదాకా చూస్తూ ఉండండి. బండి ఇచ్చేటప్పుడు తేదీ, సమయం వేసి ఇద్దరూ సంతకం చేసిన కాగితం, కొన్నవాళ్ల గుర్తింపు కార్డు కాపీ దగ్గర పెట్టుకోండి.

స్నేహితుడు తీసుకెళ్లి చలానా తెచ్చాడనుకోండి. నడిపింది ఎవరో చెప్పాల్సిన బాధ్యత 133 సెక్షన్ ప్రకారం యజమానిది. మొహమాటపడి మీ మీద వేసుకుంటే ఆ తప్పు మీ లెక్కలో చేరుతుంది. లైసెన్సు లేనివాడికి బండి ఇస్తే ఇచ్చినందుకు 180 కింద 5,000 లేదా మూడు నెలలు, నడిపినందుకు వాడికి 181 కింద అంతే.

ఇంట్లో మైనర్ పిల్లలుంటే తాళంచెవి ఎక్కడ పెడుతున్నారో చూసుకోండి. 199ఏ కింద తల్లిదండ్రులకో, బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25,000 జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. పెద్దవాళ్లకు తెలిసే జరిగిందని కోర్టు ముందే భావిస్తుంది. తెలియదని, జాగ్రత్త తీసుకున్నామని నిరూపించుకోవాల్సింది మీరే. ఇక్కడ మొదటిసారి, రెండోసారి అనే తేడా ఏమీ లేదు.

సస్పెండ్ అయితే ఆ మూడు నెలలు ఎలా గడపాలి

ముందుగా, ఆ కాలంలో బండి ముట్టుకోకండి. లైసెన్సు అనర్హతలో ఉండగా నడిపితే 182 కింద 10,000 జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఆ సమయంలో ప్రమాదం జరిగితే మీ బండి మరమ్మతు క్లెయిమ్ ఇన్సూరెన్స్ వాళ్లు తిరస్కరిస్తారు. ఎదుటివాళ్లకు పరిహారం చెల్లించి, ఆ మొత్తాన్ని యజమాని దగ్గర రాబట్టుకోమని బీమా కంపెనీలకు కోర్టులు చెప్పిన తీర్పులు చాలా ఉన్నాయి. లక్షల్లో ఉండే పరిహారం ఒక డ్రైవర్ ఇల్లు అమ్మినా తీరదు.

గడువు అయిపోగానే లైసెన్సు దానంతట అది చేతికి రాదు. డ్రైవర్ రిఫ్రెషర్ శిక్షణ పూర్తి చేస్తేనే తిరిగి ఇవ్వాలని చట్టం చెబుతోంది. అది కూడా లైసెన్సు ఉన్న డ్రైవింగ్ స్కూల్లోనో, ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలోనో చేయాలి. మూడు నెలలు ముగిసేదాకా ఆగకుండా మొదటి వారాల్లోనే సీటు కోసం ఆర్టీఏలో అడగండి. లేదంటే గడువు అయిపోయాక శిక్షణ కోసం మరికొన్ని వారాలు ఖాళీగా కూర్చోవాలి. సర్టిఫికెట్ మీద పేరు, లైసెన్సు నంబరు అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో అక్కడే సరిచూసుకోండి.

లైసెన్సు చేతికొచ్చాక పరివాహన్ సైటులో దాని స్టేటస్ ఒకసారి చూడండి. కార్డు మీ దగ్గరే ఉన్నా ఆన్‌లైన్‌లో ఇంకా సస్పెండ్ అని కనిపిస్తుంటే తర్వాతి తనిఖీలో పోలీసులు నమ్మేది తెర మీద ఉన్నదాన్నే. అలాంటప్పుడు ఉత్తర్వు కాపీ, శిక్షణ సర్టిఫికెట్ తీసుకుని ఆర్టీఏకు వెళ్లి స్టేటస్ మార్పించుకుని, మారిన పేజీ ప్రింటు తీసుకున్న తర్వాతే బండి బయటికి తీయండి.